వెనక చాప

1

మబ్బు. పడమటి గాలి. ఎండ సరిగా లేక మంచినీళ్ళు సగమే దిగాయి. చివరి తొట్టి అద్దం బీటలిచ్చింది. జిగురు పెట్టాను, రేపు చూడాలి.

ఉప్పునీటిని అద్దాల కింద ఎండకు ఆవిరి పట్టి మంచినీళ్ళు తీసే ఈ నీటి మిల్లులో ఎవరు పని ముగించుకుని దిగినా ఆ రోజు సంగతులు ఈ చిట్టా పుస్తకంలో రాసి దిగాలి. తర్వాత ఎక్కేవాళ్ళ కోసం. నాతో పనిచేసే సత్తెయ్య మావకు చూపు ఆనక చదవడం మానేశాడు. చదివేవాళ్ళు లేరు కాబట్టి మిగతాది కూడా రాస్తున్నాను.

మధ్యాహ్నం తొట్లలో ఉప్పు గీకుతుంటే ఉత్తరం నుంచి పడవలు వచ్చాయి. ఒకదాని వెనక ఒకటి, వరస తప్పకుండా.

“పెళ్ళోరా ఏందే తబితా?” అన్నాడు మావ.

పెళ్ళివాళ్ళు కారు. పడవల్లో మంచాలు, మేకలు, వంట సామాను ఉన్నాయి. ముసలివాళ్ళను మధ్యలో కూర్చోబెట్టారు. పిల్లలు చాలామందే ఉన్నారు గాని ఒక్క ఏడుపు వినిపించలేదు. దాంతో నాకు తెలిసిపోయింది. బేతనియ దిబ్బ వాళ్ళు. నా ఊరివాళ్ళు.

ముందు దిగినాయన ఈ దిబ్బ పెద్దకు దణ్ణం పెట్టి చెప్పాడు. “మా గట్టు తెగిందండి. ఊరు మునిగిందండి. ఇద్దరు పోయారండి. కొన్నాళ్ళు ఉండటానికి చోటు కావాలండి.”

మావ గీకుడు చెక్క పక్కన పెట్టి నోరు తెరిచాడు. “ఇదేం జనమే! ఊరు మునిగిందని చెప్పటం కూడా శుభలేఖ చదివినట్టు చదవతన్నాడు.” కాసేపాగి నా వైపు చూశాడు. “నువ్వూ అంతేలే. మొన్న కాల్లో మేకు దిగితే ‘మావా, మేకు దిగింది’ అన్నావు, ముంజలు తింటావా అన్నట్టు. నేను నీ మొహం చూస్తన్నానేగాని కాలు చూడలా.”

నవ్వాను. దూలానికి తాడు కట్టి అద్దం మూతలు దించాను. ఆ ఊరు వదిలి పద్నాలుగేళ్ళుగా ఇక్కడే ఉన్నాను. ఆ ఊరి పడవ ఒక్కటి కూడా ఈ రేవుకు రాలేదు.

2

ఎండ పరవాలేదు. జిగురు నిలిచింది.

వాళ్ళకు నాచు ఆరబెట్టే షెడ్డు ఇచ్చారు. పెద్దవాళ్ళంతా సముద్రంలో నాచు పెంచే తాళ్ళ పని చేయాలి, మనిషికింత అని మంచినీళ్ళు తీసుకోవాలి. నీళ్ళ డబ్బాలు ఇచ్చి రమ్మని మావ నన్ను పంపాడు.

షెడ్డు తలుపు దాకా వెళ్ళాను. లోపల పాట మొదలైంది. ఆ పాటలన్నీ నాకు ఇప్పటికీ వచ్చు. పని చేసుకుంటూ నోట్లో నోట్లో పాడుకుంటాను కూడా. కానీ అంతమంది ఒక్కసారి అందుకునేసరికి చేతులు చల్లబడ్డాయి.  డబ్బాలు గుమ్మం ముందు దించి, పీతల మడుల వెనక చుట్టుదారిన తిరిగి వచ్చాను.

“పక్కనున్న షెడ్డుకి పోయిరాటానికి పొద్దు గుంకించావు. లోపల పులుందా?” అన్నాడు మావ.

ఈ దిబ్బలో గుడి ఉంది, నమాజు గది ఉంది, చిన్న ప్రార్థన గది ఉంది. ప్రార్థన గదిలో వాళ్ళు మంచివాళ్ళే. రెండుమూడు సార్లు పిలిచారు కూడా. నేను ఆదివారం ఏదో ఒక పని పెట్టుకుంటాను.

సాయంత్రం మా అక్క మార్త మిల్లు దగ్గరకు వచ్చింది. జుట్టు తెల్లబడింది.

“బాగున్నావా తబితా?”

“బాగున్నా. నువ్వు?”

“బాగున్నా. అమ్మ పోయింది. నాలుగేళ్ళయింది.”

“అవునా.”

“మీ బావ కూడా పోయాడు, మొన్నటి వానల్లో. సముద్రంలో.”

“అవునా.”

“సరే, తాళ్ళ దగ్గరకి పోవాలి.”

ఇద్దరం గొంతు పెంచలేదు, దించలేదు. తను వెళ్ళిపోయాక చాలాసేపు దవడలు నొప్పిపుట్టాయి.

3

ఎండ బాగుంది. తొట్లన్నీ నిండాయి.

మార్త కూతురు దీనాను మిల్లు పనికి పంపారు. పద్నాలుగేళ్ళుంటాయి. ఏలీయా బావ పోలికే, పొడుగు మెడ. తొట్టి అడుగున నల్లపూత గీరుకుపోకుండా తాటి చెక్కతో ఉప్పు పెచ్చులు ఎలా లేపాలో చూపించాను. ఒక్కసారికే పట్టుకుంది.

మధ్యాహ్నం అడిగింది. “పిన్నీ, నాకు గొంతు నిలవడం లేదు. వచ్చే ఆదివారం నా మొదటి సాక్ష్యం. దీపం వెలక్కుండా చెప్పడం నువ్వు నేర్పుతావా?”

సాక్ష్యం సంగతి ఇక్కడ రాయాలి. మాకు గొప్ప ఉప్పెన తర్వాత ఎవరూ లేని ఒక కట్టడంలో దొరికిన పెట్టె ఒకటుంది. హార్మోనియం అంత ఉంటుంది. దాని ముందు నిలబడి మాట్లాడితే వింటుంది. గొంతు వణికితే పైన ఎర్రదీపం వెలుగుతుంది. మా సంఘం బోధకుడు షడ్రకు అయ్యగారు దాన్ని ప్రార్థన బల్ల మీద పెట్టారు. పద్నాలుగేళ్ళు వచ్చిన పిల్లలు దాని ముందు నిలబడి, “నాకు ఏ భయమూ లేదు, నాకు సమాధానం ఉంది,” అని చెప్పి, తమ సంగతి చెప్పుకుని, ఆ తర్వాతే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభు బల్లలో చేరతారు. సమాధానం అంటే మాలో మనశ్శాంతి. పెద్దవాళ్ళు వంతుల వారీగా చెబుతారు. దీపం వెలిగితే లోపల దాచిన పాపం ఉన్నట్టు. అప్పుడు సంఘమంతా లేచి గోడ వైపు తిరుగుతుంది. ఆ మనిషి వెనక చాప మీద కూర్చోవాలి. పాపం ఒప్పుకుని, దీపం వెలక్కుండా చెప్పేదాకా ఎవరూ పలకరించరు. తిండి పెడతారు, మాట మాత్రం ఉండదు. చాప మీద నుంచి లేవకుండా పోయినవాళ్ళ పేరు ప్రార్థనలో ఎత్తరు.

నా సాక్ష్యానికి ముందు వారం మా నాన్న గట్టు పనిలో రాయి జారి పోయాడు. వాయిదా అడగడానికి కూడా లేదు. భయపడి అడిగినట్టవుతుంది. “నాకు ఏ భయమూ” అన్నాను, దీపం వెలిగింది. అందరూ తిరిగారు. అమ్మ కూడా తిరిగింది. అమ్మ రవిక వీపు మీద కుట్టు విడిపోయి ఉంది. ఎంతసేపు నిలబడ్డానో గాని ఆ కుట్టునే చూశాను.

వానలు మొదలైనప్పుడు చాప మీద కూర్చున్నాను. చలి వచ్చాక, ప్రభు బల్ల కోసం దాచిన ఎండుద్రాక్ష దొంగతనంగా తిన్నానని చెప్పాను. దీపం వెలగలేదు. అందరూ ఇటు తిరిగి స్తోత్రం అన్నారు. అమ్మ నన్ను పట్టుకుంది. అప్పటికి నాకు దేనికీ ఏమీ అనిపించడం లేదు.

నేను తినలేదు. ఎండుద్రాక్ష రుచి ఇప్పటికీ తెలియదు. దేవుడి ముందు అబద్ధం చెప్పి తప్పించుకున్నదాన్నని ఇన్నేళ్ళూ అనుకుంటున్నాను.

దీనాకు ఇవేవీ చెప్పలేదు. సరే, రేపు చూద్దాం అన్నాను.

4

ఎండ. పంపులో ఇసుక పడింది, తీశాం.

బేతనియలో తల్లులు పిల్లలకు గ్లాసు పట్టించి నేర్పుతారు. అంచుల దాకా నీళ్ళు పోసిన గ్లాసు అరచేతిలో పెట్టుకోవాలి. ఎదుటివాళ్ళు ఏదో ఒక చెడ్డమాట చెబుతారు. నీళ్ళు తొణక్కుండా, “దేవునికి స్తోత్రం, నాకు సమాధానం ఉంది,” అనాలి. మా అమ్మ నాకు అలాగే నేర్పింది. నాకు వేరే దారి తెలియదు. మావ బువ్వకు వెళ్ళాక దీనా చేతిలో గ్లాసు పెట్టాను.

“మీ మేక చచ్చిపోయింది.”

“దేవునికి స్తోత్రం. నాకు సమాధానం ఉంది.”

“కాలు విరిగింది, ఇక నడవలేవు.”

“దేవునికి స్తోత్రం. నాకు సమాధానం ఉంది.”

“మీ నాన్న ఇక రాడు.”

“దేవునికి స్తోత్రం. నాకు సమాధానం ఉంది.”

నీళ్ళు కదల్లేదు. నేను ఆ పిల్ల మొహం చూశాను. మెడ దగ్గర నరం కొట్టుకుంటోంది. మొహంలో మాత్రం ఎవరూ లేరు.

“బాగా చెప్పానా పిన్నీ?”

“బాగా చెప్పావు.”

“గ్లాసు దగ్గర బాగానే వస్తది. జనం ముందు నిలబడితే నాన్నకి తిప్పిన వీపులు గుర్తొస్తాయి. నేను కూడా తిప్పాను పిన్నీ. అమ్మ నా భుజం పట్టుకుని తిప్పింది.”

గ్లాసు తీసుకుని నీళ్ళు తొట్టిలో పోసేశాను.  

ఇక గ్లాసు పట్టించను.

5

గాలి ఎక్కువ. ఒక మూత లేచిపోతే తాడేసి కట్టాం.

వైద్యం పడవ వచ్చింది. నర్సు హైమవతి గారు కొత్తగా వచ్చినవాళ్ళకు సూదులు వేయాలి, నీళ్ళు కావాలన్నారు. మావ నడుం పట్టుకుని కూర్చున్నాడు. నేనే డబ్బాలు మోసుకుని ఆమె వెనక షెడ్డులోకి వెళ్ళాను. ఆమె ముందు నడుస్తోంది కాబట్టి వెళ్ళగలిగాను.

పెట్టె బల్ల మీద ఉంది. తెల్లగుడ్డ, దాని అంచుకు అల్లిక. వెనక మూల చాప కూడా పరిచే ఉంది, ఖాళీగా. ఊరు మునుగుతుంటే ఆ చాప కూడా పడవలో వేసుకుని వచ్చారు.

నర్సమ్మ పెట్టెను చూసి ఆగిపోయింది. నోరు తెరిచేదే గాని చుట్టూ ఉన్నవాళ్ళను చూసి ఊరుకుంది. సూదులయ్యాక బయట నన్ను అడిగింది.

“ఆ పెట్టె ఎక్కడిదమ్మా వీళ్ళకి? నేను పని నేర్చుకునేటప్పుడు తుపాను షెల్టర్లలో చూశా. మళ్ళీ ఇదే చూడటం.”

“అది దేనికండీ?”

“వందలమందిని తెచ్చి ఒకచోట పడేస్తారు. ఎవరికి ఏమయిందో ఎట్టా తెలుస్తుంది? బాగా భయపడ్డవాళ్ళు నోరు తెరిచి ఏదీ అడగరు. అందుకని ఒక్కొక్కళ్ళనీ దాని ముందు పేరు చెప్పమనేవాళ్ళు. గొంతు వణికితే దీపం వెలుగుతుంది. దీపం వెలిగినవాళ్ళ దగ్గరకి ముందు మేం పోవాలి. పక్కన కూర్చుని, వేడిగా ఏదన్నా తాగించి, ఏమయింది తల్లీ అని అడగాలి.”

“అబద్ధం చెబితే వెలగదా?”

“అబద్ధం దానికెట్టా తెలుస్తుందమ్మా? వణుకొక్కటే తెలుసు దానికి.” నా వైపు చూసింది. “నీకేమన్నా అయిందా?”

“లేదండి. బాగానే ఉన్నా.”

“బాగానే ఉన్నావు గాని, ఆ డబ్బా మూత తిప్పి తిప్పి విరగ్గొట్టావు. మళ్ళీ పడవ వచ్చినప్పుడు నా దగ్గర కాసేపు కూర్చో. సూది వెయ్యనులే.”

మూత నిజంగానే విరిగింది. గోదాంలో ఇంకోటి అడగాలి.

6

ఎండ. రాయడానికి మిల్లు సంగతులు ఏమీ లేవు.

మార్త నాచు తాళ్ళ దగ్గర ఒక్కతే ఉంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. తాళ్ళకు పట్టిన గుల్లలు ఏరుతూ నర్సు చెప్పింది మొత్తం చెప్పాను. మార్త చేతులు ఆగలేదు.

“ఆమెకేం తెలుసు? ఆమె విశ్వాసి కాదు.”

“పెట్టె కూడా విశ్వాసి కాదక్కా.”

“నీ నోరు అప్పుడూ ఇంతే.”

“అప్పుడు నాకు నోరే లేదు. పద్నాలుగేళ్ళ పిల్లని. నాన్న పోయి వారం. నాకేమయిందని ఎవరన్నా అడిగారా? నువ్వు నాతో ఒకే పక్క మీద పడుకున్నావు. చలి వచ్చిందాకా మాట్లాడలేదు.”

మార్త ఇంకో తాడు ముందేసుకుంది. గుల్లలు ఏరుతూనే ఉంది.

“దీనా వాళ్ళ నాన్నకి కూడా వెలిగింది,” అంది చివరికి. “వానాకాలమంతా కూర్చున్నాడు. ఏం చేశావో చెప్పవయ్యా అని దేవుడినడిగానే గాని ఆయన్నడగలేదు. గట్టు తెగుద్దని కలలొస్తన్నాయని ఒకరోజు గోడకి చెప్పుకుంటన్నాడు. నేను పొయ్యి ఊదుకుంటన్నా.”

“అక్కా.”

“అది భయమేనంటే, మరి నేను ఆయన్నేం చేసినట్టు?”

నేను చెయ్యి చాపితే తను తాడు అటు జరుపుకుంది.

“ఇంకెవరికీ చెప్పమాకు తబితా. దీనాకి అసలు చెప్పమాకు. బాగా తయారయింది. వెలగదు.”

తాడు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. గుల్లకు కోసుకుని వేలి నుంచి నెత్తురు కారుతోంది. తను చూసుకోలేదు.

7

మబ్బు. రెండు తొట్లు కడగలేదు.

షడ్రకు అయ్యగారు షెడ్డు మెట్టు మీద కూర్చుని ఉన్నారు. కళ్ళకు పొర కమ్మింది. నా అడుగు విని, ఎవరమ్మా అన్నారు. చెప్పాను.

“యోబు కూతురివా? ఎండుద్రాక్ష.”

“అవునయ్యగారూ. నేను తినలేదు.”

ఆయన తల ఊపారు. నర్సు మాట చెప్పడం మొదలుపెట్టాను. సగంలో చెయ్యెత్తారు.

“నాకు తెలుసు తల్లీ. పెట్టె పెట్టిన రెండో ఏడు సహాయం పడవవాడు చెప్పాడు.”

ఆ మాటకు నేను సిద్ధంగా లేను. ఏమీ తోచక మెట్టు మీద కూర్చున్నాను.

“అప్పటికి నలుగురు చాప మీద కూర్చుని లేచారు. ఒకామె లేవకుండానే పోయింది. ఆమె పిల్లలు నా ముందే పెరుగుతున్నారు. వాళ్ళకి ఏమని చెప్పేది?”

“ఆ తర్వాత కూర్చున్నవాళ్ళకి?”

ఆయన మొహం షెడ్డు వైపు తిప్పుకున్నారు. “ఆ దీపం వచ్చాక మన దిబ్బలో దొంగతనం లేదు, తాగుడు లేదు, కొట్లాట లేదు,” అన్నారు.

“మీరు ఎప్పుడన్నా దాని ముందు నిలబడ్డారా?”

“లేదు.”

“ఆదివారం దీనాని నిలబెట్టకండి. మిమ్మల్ని ఇంకేమీ అడగను.”

“ఆపితే ఎందుకు ఆపానని అడుగుతారు తల్లీ. ఇల్లూ నేలా పోయి వచ్చారు. వాళ్ళకి ఇంకేం మిగిలింది?” ఆయన గొంతు కూడా మా అందరి గొంతులాగే ఉంది. నేర్పినవాడికి కూడా అదే పట్టుకుంది. “ఆ పిల్ల బాగానే చెబుతుందిలే. మీ అక్క గట్టి మనిషి.”

ముసలాయన్ని ఒక మాట అనాలనిపించింది. లేవబోతూ ఆయన తడబడితే చెయ్యి అందించాను. ఎందుకు అందించానో తెలియదు.

8

ఆదివారం. మిల్లు మావ చూసుకున్నాడు. వెళ్ళే ముందు, “మొహం అట్టా ఉందేంటే?” అన్నాడు. షెడ్డుకి పోతున్నా మావా అన్నాను. “పులి కనపడితే అరువు. నాకు చెవులు బానే పనిచేస్తాయి,” అన్నాడు.

గుమ్మం దగ్గర నిలబడ్డాను. పాట అయింది. దీనా తెల్ల ఓణీ వేసుకుని పెట్టె ముందుకు వచ్చింది. చేతులు రెండూ పక్కలకు అంటించుకుంది.

“నాకు ఏ భయమూ లేదు,” అంది. వెలగలేదు. మార్త భుజాలు కాస్త దిగాయి.

“నాకు సమాధానం ఉంది. మా ఇంట్లో... మా ఇంట్లో...”

ఎర్రగా వెలిగింది.

ఎవరూ చెప్పనక్కర్లేదు. అందరూ లేచి గోడ వైపు తిరిగారు. చిన్నపిల్లల్ని తల్లులు భుజాలు పట్టి తిప్పారు. మార్త కూడా తిరిగింది. తను తిరగడానికి కాస్త ఆలస్యమయింది, అది చూశాను. కానీ తిరిగింది.

నేను ఆ వీపుల మధ్య నుంచి నడిచాను. చెప్పాల్సింది రాత్రి నుంచి అనుకుంటూనే ఉన్నాను. దీనా పక్కకు చేరేసరికి ఒక్క ముక్క గుర్తులేదు.

“ఏమయింది తల్లీ?” అన్నాను.

నా గొంతు వణికింది. దీపం వెలుగుతూనే ఉంది, ఇక ఎవరికోసం వెలుగుతోందో తెలియదు. దీనా పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. చెయ్యి పట్టుకున్నాను. ఉప్పుకు పగిలిన చెయ్యి, మంచులా ఉంది.

“నాన్న పేరు ఎత్తొచ్చా పిన్నీ?”

“ఎత్తు.”

“ఏలీయా,” అంది. ఇంకోసారి గట్టిగా అంది. తర్వాత ఏడ్చింది. బేతనియ పిల్ల నోరు తెరిచి ఏడవడం నేను అదే మొదటిసారి వినడం. అందంగా ఏమీ లేదు. మేకపిల్ల అరుపులా ఉంది.

నేను వీపుల వైపు తిరిగాను. “ఈ పెట్టె పాపం చూపించదు. భయపడ్డవాళ్ళెవరో చూపించడానికి చేశారు, పోయి పక్కన కూర్చోమని. అయ్యగారికి తెలుసు. అడగండి.” మధ్యలో రెండుసార్లు గొంతు పోయింది. ఆగి, మళ్ళీ చెప్పాను.

ఎవరూ అడగలేదు. అందరూ ఆయన మాట కోసం ఎదురుచూశారు. అయ్యగారు నిజమనలేదు, అబద్ధమనలేదు. చాలాసేపటికి, “ప్రార్థన చేద్దాం,” అన్నారు.

అప్పుడు ఒక ముసలామె ఇటు తిరిగింది. సూసన్నమ్మ. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు రెండు వానాకాలాలు చాప మీద కూర్చుంది. ఆమె వచ్చి దీనా రెండో చెయ్యి పట్టుకుంది. ఇంకెవరో ఇద్దరు తలలు తిప్పి చూసి, మళ్ళీ గోడ వైపు తిరిగారు. మిగతావాళ్ళు పాట అందుకున్నారు.

మార్త తిరగలేదు. మేం ముగ్గురం బయటకు వచ్చాం.

9

ఎండ. నీళ్ళు బాగా దిగాయి.

దీనా నా దగ్గరే ఉంటోంది. వచ్చి చాప మీద కూర్చుని పాపం ఒప్పుకునేదాకా ఎవరూ ఆ పిల్లతో మాట్లాడకూడదని సంఘ పెద్దలు చెప్పారు. వచ్చే పెద్ద పోటుకు వాళ్ళు దక్షిణాన ఖాళీగా ఉన్న దిబ్బకు వెళతారట. పెట్టె కూడా వెళుతుంది. సూసన్నమ్మ వెళ్ళనంది. దీనాను పంపేది లేదని మా దిబ్బ పెద్దకు చెప్పాను. తల్లి అడిగితే మాత్రం తను ఏమీ చేయలేనన్నాడు.

దీనా నాతో కూడా ఎక్కువ మాట్లాడదు. నిద్రలో ఉలిక్కిపడుతుంది. ఏమయిందని అడుగుతాను. ఒక్కోసారి చెబుతుంది, ఒక్కోసారి అటు తిరిగి పడుకుంటుంది. ఏడిస్తే తగ్గుతుందనుకున్నాను. ఒక ఏడుపుతో తగ్గేది కాదు. నాకూ తగ్గలేదు. పీతల మడుల మీదుగా పాట వినిపిస్తే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. కాకపోతే అది పాపం వల్ల కాదని తెలిసింది.

మావ దీనా వేలికి పీత పట్టుకుంటే మండిపడ్డాడు. “ఏమ్మాయ్, పీత కరిస్తే అరవాల. ‘పీత కరిచింది తాతా’ అని చెప్పటం కాదు. ఏదీ, అరువు. ఇంకా గట్టిగా. అదీ! పీతకి కూడా మర్యాదగా ఉంటది.”

సాయంత్రం మూతలు దించుతుంటే మార్త వచ్చింది. గుమ్మంలో నిలబడింది. దీనా తొట్టి దగ్గర గీకుతోంది, తలెత్తలేదు. మాట్లాడకూడదన్న కట్టడి ఇద్దరి మధ్యా ఉంది. తీసుకుపోవడానికి వచ్చిందేమోనని నేను దీనా పక్కకు జరిగాను.

మార్త లోపలికి వచ్చి, గోడకు ఆనించిన తాటి చెక్క ఒకటి తీసుకుని, పక్క తొట్టి గీకడం మొదలుపెట్టింది. తనకు రాదు. నల్లపూత మీద గీతలు పడుతున్నాయి. నేనేమీ అనలేదు.

తొట్టి సగం అయ్యాక చెప్పింది.

“నాకు భయంగా ఉంది తబితా.”

అదే గొంతు. పెరగలేదు, తగ్గలేదు. ఆ గొంతుకు ఏ దీపమూ వెలగదు. నేను చెక్క వదిలేసి వెళ్ళి పక్కన కూర్చున్నాను.

“ఏమయిందక్కా?”

చాలాసేపు ఉప్పు గీకింది.

“ఆయన పోయిన రోజు పొద్దున తాడెక్కడుందని అడిగాడు. పడవ కట్టే తాడు. గాలి బాగా ఉంది, తాడు లేకపోతే పడవ నిలవదు. తాడు తలుపు వెనకుంది. నాకు తెలుసు. మాట్లాడకూడదు కదా అని ఊరుకున్నా. వేలు పెట్టి చూపించినా సరిపోయేది. కాసేపు వెతికి, లేకుండానే పోయాడు.”

దీనా గీకడం ఆపింది. మార్త ఆపలేదు.

“ఇంకా చెప్పక్కా,” అన్నాను.